పాలమూరు కూలీ కంటే ఎక్కువ కష్టపడిందెవరు?

దేశం ముందుకు పోవాలంటే యువత వారానికి 70 గంటలు పని చేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నారు. 90 గంటలైనా పని చేయాలన్న ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ మాటలు 2025 జనవరిలో బయటికి వచ్చాయి. ఆ రెండు సందర్భాల్లోనూ చర్చ పని గంటలు, కుటుంబ జీవితం, ఆరోగ్యం చుట్టూ తిరిగి చల్లారిపోయింది. ఆ మాటల అడుగున ఉన్న నమ్మకాన్ని మాత్రం ఎవరూ పెద్దగా కదిలించలేదు. ఎక్కువ కష్టపడినవాడికి ఎక్కువ దక్కుతుంది, కాబట్టి ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ కష్టపడే ఉంటాడు అన్నది ఆ నమ్మకం.

దీన్ని పరీక్షించడానికి చిన్న లెక్క చాలు. 2023-24లో ఎల్ అండ్ టీ చైర్మన్ అందుకున్న మొత్తం దాదాపు 51 కోట్ల రూపాయలు. ఆ కంపెనీ ఉద్యోగుల మధ్యస్థ వేతనానికి అది 534 రెట్లు. వారంలో ఉన్నవి 168 గంటలు. సాధారణ ఉద్యోగి 48 గంటలు పని చేస్తాడనుకుంటే, చైర్మన్ తిండీ నిద్రా మాని వారమంతా పని చేసినా అది మూడున్నర రెట్లే అవుతుంది. మిగిలిన 530 రెట్లకు కష్టం అనే మాట జవాబు చెప్పలేదు. బాధ్యత, నైపుణ్యం, మార్కెట్ అని వేరే పేర్లు వెతకాలి. ఆ పేర్లు సరైనవే కావచ్చు, కానీ వాటిని కష్టం పేరుతో చలామణి చేయడం న్యాయం కాదు.

తెలుగువాళ్ల దస్తావేజులకు ఈ తేడా ఎప్పటి నుంచో తెలుసు. భూమి చేతులు మారేటప్పుడు అది స్వార్జితమా, పిత్రార్జితమా అని కాగితం మీద రాయాల్సిందే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరికి ఉన్నపాటి స్పష్టత, ఆదివారం అనుబంధాల్లో విజయగాథలు రాసేవాళ్లకు లేకపోవడం విచిత్రం.

కష్టమే సంపదకు మూలమైతే, తెలంగాణలో అందరికంటే సంపన్నమైన జిల్లా పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్, అయి ఉండాలి. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' ఉంటారన్న మాట కొన్ని తరాల పాటు ఈ దేశంలో కాంట్రాక్టర్ల నోట నానింది. ముంబైలోని కామాఠీపురకు ఆ పేరు వచ్చింది కూడా మన వైపు నుంచి వెళ్లిన కామాటి కూలీల వల్లనే. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు కూతురి పెళ్లికో, పాత అప్పుకో, ఎండిన బోరు బాకీకో అప్పటికే ఖర్చు రాసి ఉండేది. ఆలుమగలు జోడీగా లెక్కకు వచ్చేవారు. మగవాడు గడ్డపార వేస్తే ఆడమనిషి తట్ట మోయాలి. ముసలివాళ్లను, పిల్లలను ఊళ్లో వదిలి ఏడాదిలో అధిక భాగం పని చోటే గుడిసెల్లో గడిపి తిరిగి వస్తే, మేస్త్రీ లెక్కలో అడ్వాన్సు తీరగా మిగిలేది స్వల్పం. ఆ స్వల్పమూ అయిపోయేసరికి మళ్లీ మేస్త్రీ గడప ముందు నిలబడేవాడు. వాళ్ల పనిని గంటల్లో కొలిస్తే ఏ చైర్మనూ దగ్గరికి రాలేడు. ఘనపు మీటర్లలో కొలిస్తే చెప్పనే అక్కర్లేదు. అయినా ఆ ఇళ్లలో మూడు తరాలు తిరిగినా ఎకరం తరి భూమి చేరినవాళ్లు అరుదు. రెక్కాడితే గాని డొక్కాడదు అన్న మాటకు వాళ్ల బతుకే నిదర్శనం. రెక్కలు ఆడినంత కాలం డొక్క ఆడింది, అంతకు మించి ఒక్క మెట్టూ పైకి పోలేదు.

కృష్ణా, తుంగభద్ర రెండూ తెలంగాణలో అడుగుపెట్టేది ఈ పాలమూరు గడ్డ మీదనే. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు, ఇందిరాగాంధీ 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఈ రెండు తేదీల మధ్య రాయి మీద రాయి పేర్చింది మనుషుల చేతులు. అది ప్రపంచంలోనే అతి పెద్ద రాతి ఆనకట్ట అని పాఠ్యపుస్తకాల్లో గర్వంగా చదువుకున్నాం. రాతితో ఎందుకు కట్టారో ఆ పుస్తకాలు చెప్పవు. యంత్రాల కంటే మనిషి చవకగా దొరకడం అందుకు ముఖ్య కారణం. కట్టినవాళ్లకు నీళ్లు రాలేదన్నది అందరికీ తెలిసిన విషాదమే. దాని లోపల ఇంకో పాఠం ఉంది.

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆ మట్టానికి దిగువన ఎడమ కాలువ కిందికి వచ్చిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ భూములు రెండు పంటల మాగాణి అయ్యాయి. ఆ వడ్ల మీద రైసు మిల్లులు లేచాయి, మిల్లుల మీద రియల్ ఎస్టేటు, దాని మీద కార్పొరేట్ కళాశాలల ఫీజులు, ఆ ఫీజుల మీద అమెరికా ఉద్యోగాలు వరుసగా నిలబడ్డాయి. జలాశయాన్ని ఆనుకునే ఉన్న దేవరకొండ ప్రాంతం మాత్రం ఆ మట్టానికి ఎంతో ఎత్తున ఉండడం వల్ల చెల్కలుగానే మిగిలిపోయింది. దేవరకొండ తండాల నుంచి జనం కళ్లెదుటి నీళ్లను చూస్తూ హైదరాబాద్, ముంబై బస్సులెక్కారు. మిర్యాలగూడ రైతు సోమరి అని ఎవరూ అనరు. కానీ దేవరకొండ రైతు అంతకంటే తక్కువ చెమటోడ్చాడని అనగలిగే మనిషి ఎవరు? ఆ ఇద్దరినీ విడదీసింది మట్టపు గీత. తర్వాత పుట్టంగండి దగ్గర నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయానికి తెచ్చినప్పుడు కూడా అందులో ఒక వాటా పైపుల్లో హైదరాబాద్ దాకా ప్రయాణించింది. నీళ్లు పల్లమెరుగు అంటారు గాని, మన దగ్గర నీళ్లు ముందు పలుకుబడి ఎరుగుతాయి.

నల్లగొండ జిల్లాలోనే మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పోతే లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లు ఉన్న ఊళ్లవి. అక్కడ కష్టపడాలన్న మనసు ఉన్నా, వంగిపోయిన వెన్నెముక అందుకు అనుమతించలేదు. ఫ్లోరైడును తొలగించడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకెక్కింది, నీళ్లు మాత్రం దశాబ్దాలు ఆలస్యంగా వచ్చాయి. కష్టపడే శక్తి కూడా మనిషి తాగిన నీటి మీద, తిన్న తిండి మీద, పుట్టిన చోటు మీద ఆధారపడే ఆస్తేనని ఆ పల్లెలు చెబుతున్నాయి.

దీనికి ఎదుటి వాదన ఉంది. ఒకే ఊరు, ఒకే కులం, తలా రెండెకరాలు ఉన్న అన్నదమ్ముల్లో ఒకడు పొద్దున్నే లేచి పని చేసి పైకి వచ్చాడని, ఇంకొకడు తాగి భూమి అమ్ముకున్నాడని ప్రతి ఊళ్లోనూ ఒక కథ చెబుతారు. ఆ కథ నిజమే. పని చేసేవాడికీ చేయనివాడికీ తేడా ఉండదని నేను వాదించడం లేదు. అయితే ఆ కథ ఎప్పుడూ ఒకే మెట్టు మీద నిలబడ్డ ఇద్దరి మధ్యనే నడుస్తుందని గమనించాలి. ఆ మెట్టుకు ఎవరు ఎలా చేరారో అది చెప్పదు. ఇద్దరూ సమానంగా కష్టపడితే ఏం జరుగుతుందో చూడాలనుకుంటే బత్తాయి తోటలకు రండి. గట్టుకు అటూ ఇటూ ఇద్దరు రైతులు ఒకే ఏడాది మొక్కలు నాటి, నాలుగైదేళ్లు పసిబిడ్డల్లా సాకుతారు. ఒకరి బోరులో రెండు వందల అడుగులకు నీళ్లు పడతాయి. ఇంకొకరికి ఆరు వందల అడుగులు దింపినా దుమ్మే లేస్తుంది. కాపుకొచ్చిన తోట యజమాని ఆదర్శ రైతు అవుతాడు. చెట్లు నరికి కట్టెలకు అమ్మినవాడికి వ్యవసాయం చేతకాదని పేరొస్తుంది.

ఇక ఇప్పుడు సంపద పుడుతున్నది ఎక్కడో చూడండి. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ వేడి ఔటర్ రింగ్ రోడ్డు దాటి, ప్రాంతీయ రింగ్ రోడ్డు పేరుతో చౌటుప్పల్, భువనగిరి, ఆమనగల్లు, షాద్‌నగర్ చుట్టూ పాకింది. పటం మీద ఒక గీత గీశారు. ఆ గీత కిందికి భూమి పోయిన రైతు పరిహారం కోసం కలెక్టరేట్ ముందు ధర్నా చేస్తాడు. ఆ గీతకు అర కిలోమీటరు అవతల భూమి ఉన్నవాడికి ఏజెంట్ల ఫోన్లు ఆగవు. పదేళ్లు పడావు పెట్టిన చెల్క కోట్లు పలుకుతుంది. ఆ కోట్లలో యజమాని చెమట చుక్క లేదు. ఆ విలువను పెంచింది ప్రజల సొమ్ముతో వేసే రోడ్డు. పైగా మున్సిపాలిటీ హద్దుల నుంచి చట్టం చెప్పిన దూరం దాటి ఉన్న సాగుభూమి ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు. అది అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను లేదు. ఆ ప్లాట్ల చుట్టూ ప్రహరీ కట్టే కూలీ మాత్రం సాయంత్రం ఫోన్ రీచార్జి చేయించుకున్నా 18 శాతం జీఎస్టీ కట్టి ఇంటికి పోతాడు.

కష్టాన్ని అంతగా కీర్తించే దేశం, కష్టం లేకుండా వచ్చే సొమ్మును ఇంత గారాబంగా ఎందుకు చూస్తోంది? చనిపోయినవారి ఆస్తి మీద వేసేందుకు 1953లో తెచ్చిన ఎస్టేట్ సుంకాన్ని 1985లో ఎత్తేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో రద్దు చేశారు. ఇప్పుడు తండ్రి నుంచి కొడుక్కి వందల కోట్లు దఖలు పడినా ఆ వారసత్వం మీద ఖజానాకు పైసా రాదు. 2022-23 నాటికి దేశ సంపదలో 40.1 శాతం పైవరుస ఒక్క శాతం మంది చేతిలో ఉందని ప్రపంచ అసమానతల అధ్యయన బృందం 2024 మార్చిలో తేల్చింది. వారసత్వ పన్ను అనగానే రైతు రెండెకరాలు గుంజుకుంటారని గగ్గోలు పెట్టేవాళ్లు తమ సొంత ఆస్తి చాటుకు ఆ రెండెకరాలను అడ్డం పెట్టుకుంటున్నారు. చిన్న కమతాలను మినహాయించడం చట్టంలో ఒక్క వాక్యం పని.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి వచ్చిన వినోబా భావేను అక్కడి హరిజన కుటుంబాలు పని ఇప్పించమని అడగలేదు, 80 ఎకరాల భూమి ఇప్పించమని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు, భూదానోద్యమం పుట్టింది. పని వాళ్ల దగ్గర ఎప్పుడూ కావలసినంత ఉంది. తరతరాలుగా కైకిలి చేసినవాళ్లకు పని వల్ల ఏం వస్తుందో, భూమి వల్ల ఏం వస్తుందో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ కోరిక కోరి 70 ఏళ్లు దాటినా, ప్రభుత్వ సాయం ఇప్పటికీ పట్టాదారు పాసు పుస్తకం చూసే నడుస్తోంది.

పట్టాదారులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు పథకం 2018 మే 10న మొదలైనప్పుడు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు. తర్వాత అది 5,000 అయింది. ప్రభుత్వం మారాక రైతుభరోసా పేరుతో 6,000కు పెరిగింది. అంటే ఏడాదికి ఎకరాకు 12,000. పదెకరాల ఆసామి హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా లక్షా ఇరవై వేలు. ఆ పదెకరాలనూ కౌలుకు తీసుకుని, విత్తనం అప్పు చేసి, ఎరువు అప్పు చేసి, వానకూ ఎండకూ నిలబడే కౌలు రైతుకు సున్నా. ఎన్నికల ముందు కౌలు రైతునూ లెక్కలోకి తీసుకుంటామన్న హామీ ఏమైందో పార్టీల కంటే యాసంగి నాట్లు వేస్తున్న ఆ రైతుకే బాగా గుర్తుంది. ఉపాధి హామీలో 2025-26కు ఖరారైన రోజు కూలి 307 రూపాయలు. కొలత తగ్గితే అదీ పూర్తిగా రాదు. ఆ ఏడాది నూరు రోజులూ పని దొరికి, నూరు రోజులూ పూర్తి కూలి పడ్డా 30,700. మూడెకరాల పట్టా ఒక్క గడ్డపార దెబ్బ లేకుండా అంతకంటే ఎక్కువ తెస్తుంది.

భూమిలేని కూలీల కోసం 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రకటించారు. అందులో కుటుంబం మొత్తానికి ఏడాదికి 12,000. సరిగ్గా ఒక ఎకరం విలువ. ఒక కుటుంబంలోని నలుగురి రెక్కలూ కలిపి ఒకరి ఎకరానికి సమానమని తూకం వేసి మరీ చెప్పినట్టుంది. దానికి అర్హత ఏమిటంటే, 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పనికి వెళ్లి ఉండాలి. పని చేసినట్టు మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేరు చూపించాల్సింది జీవితమంతా పని చేసినవాడే అన్నమాట.

శ్రీశైలం నీటిని నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెలకు తేవడానికి తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. అందులో నలుగురు జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. ఒకప్పుడు పాలమూరు మనిషి ఊరు గాని ఊళ్లో చేసిన పనిని ఇప్పుడు పాలమూరు గడ్డ మీద ఇంకో పేద రాష్ట్రం మనిషి చేస్తున్నాడు. మన మాగాణుల్లో నాట్లు వేయడానికి బిహార్, బెంగాల్ ముఠాలు వస్తున్నాయి. మేస్త్రీ మాట్లాడే భాష మారింది, అడ్వాన్సు పద్ధతి మారలేదు.

కష్టమే అర్హత అని నిజంగా నమ్మేవాళ్లు ఒక్క సీజను పాటు ఒక ప్రయోగం చేయవచ్చు. ఎకరాకు 6,000 రైతుభరోసా తీసుకునే ప్రతి పట్టాదారూ ఆ భూమిలో తాను 20 రోజులు పని చేసినట్టు మస్టరు చూపించాలని జీవో ఇచ్చి, వ్యవసాయ విస్తరణాధికారి చేత సంతకం పెట్టించి, అర్హుల జాబితాను గ్రామపంచాయతీ గోడకు అంటించమనండి.