సవరణ: తులాభారం చిల్లర లెక్క

పన్నెండు కిలోల పాపకు రూపాయి నాణేలతో తులాభారం వేస్తే దాదాపు 2,475 చాలని మొన్న రాశాను. అది తప్పు. నేను లెక్కలోకి తీసుకున్న 4.85 గ్రాములు 1990ల నాటి పెద్ద రూపాయి బరువు. 2011 సిరీస్ రూపాయి 3.79 గ్రాములే అని నాణేల అధికారిక వివరాల్లో ఉంది. వంటింటి కాటా మీద పది బిళ్లలు పేర్చి చూశాను, 38 గ్రాములు చూపించింది. అంటే సుమారు 3,170 నాణేలు కావాలి. 2019 సిరీస్‌ది ఇంకా తేలిక, 3.09 గ్రాములు. మూట కట్టుకుని తిరుమల కొండెక్కాక చిల్లర తక్కువ పడితే ఎంత టెన్షన్! ఇంట్లోనే ఒకసారి తూచుకుని బయల్దేరండి.

అయిదడుగుల అయిదంగుళాల మనిషి ఎత్తు పదకొండు కొత్త అయిదొందల నోట్ల పొడవుతో సమానమని మొన్న రాసింది మాత్రం సరైనదే. ఒక్కో నోటు 150 మిల్లీమీటర్లు.