డబ్బు సరే, జడ్జీల సంగతేంటి?
నిధులుంటే ఒలింపిక్ పతకాలు వాటంతటవే వస్తాయని ఓ వ్యాసంలో చదివాను; ఆ మాట సగమే నిజం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు దక్కింది ఒకే ఒక్క స్వర్ణం. జాతీయ లాటరీ డబ్బు శిక్షణకు మళ్లించాక 2012 లండన్‌లో 29 వచ్చాయి, కాదనను.

కానీ తీర్పు సరిగ్గా లేకపోతే కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. 1988 సియోల్ ఒలింపిక్స్ బాక్సింగ్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 పంచ్‌లు తగిలించాడు, దక్షిణ కొరియా బాక్సర్ పార్క్ సి-హున్ 32. అయినా జడ్జీల 3-2 తీర్పుతో స్వర్ణం ఆతిథ్య దేశపు పార్క్‌కే! తప్పు జడ్జీలది, నింద మోసింది మాత్రం అతను. ఆ పార్కే 2023లో జోన్స్ దగ్గరికి వెళ్లి, ఆ పతకాన్ని అతని చేతిలో పెట్టాడు. క్రీడాస్ఫూర్తి అంటే ఇదీ! ఆటగాళ్ల శిక్షణకు ఖర్చు పెట్టే దేశాలు, జడ్జీలపై గట్టి నిఘా కోసం కూడా అంతే పట్టుబట్టాలి.