జైలు గ్రహం మీద బాబాయితో వాదన

(‘బిచ్ ప్లానెట్’ అమెరికన్ కామిక్. కెల్లీ స్యూ డికానిక్ రాయగా వాలెంటైన్ డి లాండ్రో బొమ్మలు వేశాడు. ఇమేజ్ కామిక్స్ 2014 డిసెంబరులో మొదలుపెట్టింది. మగ పెద్దలు ఏలే రాబోయే కాలంలో, దారికి రాని ఆడవాళ్లందరినీ నేరస్తులని ముద్రవేసి వేరే గ్రహం మీది జైలుకు తరిమేస్తారు. కథ రేపటిదే గానీ వేషం మాత్రం 1970ల నాటి చవక జైలు సినిమాలది.)

బాబాయ్: నువ్విచ్చిన రెండు సంపుటాలూ చదివానమ్మా. ఆడదాన్ని ఒట్టి శరీరంగా చూడొద్దని చెప్పే కథ, ఖైదీలను బట్టల్లేకుండా నిలబెట్టి మొదలవ్వాలా?

సుజాత: ఎలా నిలబెట్టారో చూశావా? రకరకాల ఒళ్లు, రకరకాల రంగులు. చూసేవాడి కోసం ఒక్కరూ పోజు పెట్టరు.

బాబాయ్: చూసేవాడికి పోజుతో పనేముంది? 1971లో చవక సినిమాల నిర్మాత రోజర్ కార్మన్ కంపెనీ ఫిలిప్పీన్స్‌లో ‘ది బిగ్ డాల్ హౌస్’ తీసింది. నటి పామ్ గ్రియర్ ఉంది అందులో. ఖైదీలు తుపాకులు పట్టి తిరగబడతారు కూడా. మా రోజుల్లో ‘ఏ’ సర్టిఫికెట్ ఇంగ్లీషు సినిమా మార్నింగ్ షో పడిందంటే హాస్టలంతా అక్కడే. తిరుగుబాటు చూడ్డానికి వెళ్లినవాణ్ణి ఒక్కణ్ణీ నేనెరగను. స్నానాల సీను దాటాక సగం కుర్చీలు ఖాళీ. నువ్వు ఏ ఉద్దేశంతో తీశావన్నది హాల్లో కూర్చున్నవాడికి అనవసరం.

సుజాత: ఆ అలవాటు మీదే ఈ కామిక్ దెబ్బ కొట్టింది బాబాయ్. మొదటి సంచికే తీసుకో. మేరియన్ అనే తెల్లావిడ, పొరపాటున తెచ్చారని ఏడుస్తుంటుంది. అక్కడ భూమ్మీద ఆమె మొగుడు అధికారి దగ్గర బతిమాలుతుంటాడు. పెళ్లాన్ని విడిపించుకోవడానికే తిరుగుతున్నాడనుకుంటాం, ఈవిడే కథానాయిక అని ఖాయం చేసుకుంటాం. తీరా చూస్తే వాడికి కావలసింది ఆవిడ ఎప్పటికీ తిరిగి రాకపోవడం. ఆవిడ చచ్చిపోతుంది. పక్కన నిలబడ్డ నల్లజాతి అమ్మాయి కమావు కోగో వైపు అప్పుడు తిరుగుతాం. అంతసేపూ ఆమె మన కళ్ల ముందే ఉంది, మనమే చూడలేదు. ఇక నీ స్నానాల సీను. అదీ ఉంది. గోడ కన్నంలోంచి గార్డు తొంగి చూస్తుంటే కమావు వాణ్ణి పట్టుకుని, వాడి గుట్టునే తన పనికి వాడుకుంటుంది. ఆ పాత సినిమాల్లో తొంగిచూసేవాడి మెడ ఇలా ఎవరికైనా దొరికిందా?

బాబాయ్: దొరికింది సరే. దొరికేలోపు ఆ కన్నంలోంచి వాడు చూసిందంతా నాకూ చూపించారుగా! వాడికి శిక్ష పడింది. పుస్తకం పట్టుకున్న నాకేం పడింది?

సుజాత: ఆ పేజీ వరకూ నీ మాట కాదనలేను. బొమ్మ గీయకుండా ఆ కథ చెప్పడం ఎలాగో నాకూ తోచడం లేదు.

బాబాయ్: ఇంకోటి. ఖైదీల్లో ఆ చిన్నపిల్ల మేకో. బతకనివ్వలేదు. కూతురు పోయిందని కూడా తెలియక తండ్రి అక్కడికే వస్తాడు. పేద్ద తిరుగుబాటు కథ అన్నారు, మళ్లీ ఒక ఆడపిల్ల చావు మీదేగా బండి నడిచింది?

సుజాత: చావుతో ఆమెను వదిలేయలేదు. ఆరో సంచిక మొత్తం ఆమె గతానికే ఇచ్చారు. పైగా కథ ముందు హెచ్చరిక పెట్టారు, వెనక వ్యాసాలు...

బాబాయ్: ఏ వ్యాసాలు? నా పుస్తకంలో లేవే!

సుజాత: సంపుటాల్లో వేయలేదు, విడి సంచికల్లోనే ఉన్నాయి. పాత కామిక్స్‌లో పోస్టులో తెప్పించుకునే వస్తువుల ప్రకటనలు ఉండేవి చూడు, వాటి తరహాలో వెటకారం ప్రకటనలూ వేశారు. పాఠకుల ఉత్తరాలూ ఉన్నాయి.

బాబాయ్: అంటే సంపుటం కొన్నవాడికి సగం కథేనా? పుస్తకం తనంతట తాను నిలబడాలమ్మా.

సుజాత: వారపత్రికలో సీరియల్ చదివినవాడివి నువ్వే ఈ మాటంటే ఎలా? వారం వారం ఉత్తరాల పేజీలో జరిగే గొడవ నవలగా వేసినప్పుడు పోతుంది. అలాగని సీరియల్‌కి విలువ లేకుండా పోయిందా?

బాబాయ్: ఆ సీరియళ్లు ఎక్కడో ఒకచోట ముగిసేవి! ఇది 2017లో పదో సంచికతో ఆగింది. జైల్లో రహస్యంగా దాచిన మాజీ అధ్యక్షురాల్ని బయటికి తెచ్చి, అసలు ఘట్టంలో చేతులెత్తేశారు.

సుజాత: ఆ కోపం నాకూ ఉంది. కానీ మూడో సంచిక చదివాక ఆ పదింటినీ తీసిపారేయలేను. పెన్నీ రోల్‌ని తలుచుకో. భారీ మనిషి. అమ్మమ్మ దగ్గర పెరిగింది, బేకరీలో పని. లావుగా ఉండటం కూడా ఆమె మీద మోపిన నేరాల్లో ఒకటి. పెద్దలంతా తెరల మీద కూర్చుని తీర్పు చెబుతారు. తలకు యంత్రం తగిలించి, ‘నువ్వు ఎలా ఉండాలని కోరుకుంటున్నావో అద్దంలో కనిపిస్తుంది’ అంటారు. సన్నటి పిల్ల ప్రత్యక్షమవుతుందని వాళ్ల ధీమా. అద్దంలో ఉన్నదున్నట్టు పెన్నీయే! యంత్రం చెడిపోలేదు. ఆమె నవ్వుతుంది. నేను పన్నెండో ఏట నుంచీ పెళ్లిచూపుల మాటలు వింటూ పెరిగాను బాబాయ్, ‘కాస్త ఒళ్లు తగ్గితే...’ అని. ఆ నవ్వు నాకు ఎవ్వరూ గీసి చూపించలేదు. ఎంతోమంది ఆడవాళ్లు ఆ ఖైదీల ‘ఎన్‌సీ’ (నాన్-కంప్లయంట్, అంటే చెప్పినట్టు విననిది) గుర్తును ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నారంటే ఊరికేనా?

బాబాయ్: పచ్చబొట్టు రేపు ఫ్యాషనవుతుంది. టీషర్టు మీదా అమ్ముతారు.

సుజాత: అమ్మనీ. పెన్నీకి ముందు నీకు అలాంటి కామిక్ నాయిక ఇంకొకరి పేరు తెలుసా? చెప్పు.

బాబాయ్: ...తెలియదు. ఆ అద్దం పేజీ దగ్గర నేనూ ఆగాను. సరేగానీ, మన శ్రావ్యకి పద్నాలుగేళ్లు. దానికిస్తావా ఈ పుస్తకం?

సుజాత: మొత్తం ఇవ్వను. మేకో గతం ఇప్పుడే దాని చేతికి రాకూడదు. ఆ మూడో సంచిక ఒక్కటీ ఇస్తాను.

బాబాయ్: ఇచ్చేటప్పుడు పక్కన కూర్చో. అది అడిగేవాటికి జవాబు నువ్వే చెప్పాలి, నా మీదకు తోయకు.