మహారాజశ్రీ స్క్రబ్బరు గారి సమక్షమునకు

బల్క్ డ్రగ్ ప్లాంటులో రియాక్టర్ బ్లాకు వెనకాల, బ్లోవరు పక్కన వేంచేసి, రియాక్టర్ల యాసిడ్ పొగలను కడిగి చిమ్నీకి పంపే స్క్రబ్బరు గారికి సి షిఫ్టువాళ్లు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి ఒంటికి మళ్లీ పచ్చరంగు పడుతోంది. పొల్యూషన్ బోర్డు వాళ్లు వస్తున్నారన్నమాట.

తమరిది పెద్ద వంశం. 1836లో ఇంగ్లండులో విలియం గాసేజ్ అనే ఆయన పాడుబడ్డ గాలిమర నిండా కంప కుక్కి, పైనుంచి నీళ్లు వదిలి, సోడా ఫ్యాక్టరీ వదిలే యాసిడ్ పొగను ఆ తడికంపలోంచి పోనిచ్చాడు. 1863లో అక్కడి ప్రభుత్వం ఆ పొగలో 95 శాతం పట్టి తీరాలని చట్టమే చేసింది. కంపతో జరిగిన పని, కంపకు బదులు పాల్ రింగులనే గుల్ల రింగులు కడుపు నిండా పోయించుకున్న తమరి వల్ల కావడం లేదంటే, తప్పు తమరిది కాదని మాకు తెలుసు. తిండి పెట్టేవాళ్లది.

తమరి తిండి అంటే గ్యాసును పట్టే కాస్టిక్ సోడా. దాని లెక్క రహస్యమేం కాదు. రియాక్టర్‌లో థయోనైల్ క్లోరైడ్ అనే రసాయనం 119 కిలోలు పూర్తిగా రియాక్ట్ అయితే 36.5 కిలోల హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్ గ్యాసు), 64 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ తమరి మీదికొస్తాయి. ఒకదానికి 40, ఇంకోదానికి 80, వెరసి 120 కిలోల కాస్టిక్ కావాలి. నీళ్లలో 10 శాతం కాస్టిక్ ఉండేలా లై కలిపితే 1200 కిలోలు. తమరి ట్యాంకు చూస్తే 500 లీటర్లది! బ్యాచ్ నడుస్తుండగానే రెండుసార్లు లై మార్చాలి. ఆ మాటెత్తితే పైవాళ్లు, 20 శాతం కలిపెయ్యండి, సగంతో సరిపోతుందంటారు. సరిపోతుంది. కాకపోతే ఉప్పు తేలి రింగుల మధ్య గడ్డ కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది, లై ఒక గోడ వెంటే జారిపోతుంది, గ్యాస్ రెండోవైపు పొడిగా ఉన్న దారి చూసుకుని దర్జాగా చిమ్నీ ఎక్కుతుంది.

లై అయిపోయాక తమరు చేసే పని మాత్రం ఏం బాగాలేదు. అప్పటిదాకా మింగిన సల్ఫర్ డయాక్సైడ్ సల్ఫైటుగా కడుపులోనే ఉంటుంది. హెచ్‌సీఎల్ రావడం ఆగదు. బలమైన యాసిడ్ కనుక ఆ సల్ఫైటును విరగ్గొట్టి గ్యాసును మళ్లీ బయటికి తోలుతుంది. సాయంత్రం నుంచి మింగినదంతా తమరు అర్ధరాత్రి కాలనీ మీద కక్కుతారు. తమరికి ముందు ఒక నీళ్ల స్క్రబ్బరును పెట్టి హెచ్‌సీఎల్‌ను విడిగా పట్టుకోమనేది ఇందుకే. చల్లబరుచుకుంటూ పడితే 30 శాతం యాసిడ్ చేతికొస్తుంది, అమ్ముకోవచ్చు కూడా. కానీ దానికో పంపు, కూలరు, ట్యాంకు కొనాలి. పచ్చరంగు చవక.

ఇక లైలో క్షారం ఉందో లేదో చెప్పాల్సిన తమరి పి.హెచ్. మీటరు. 12 చూపిస్తోందని అందరికీ ధీమా. 12 అంటే లీటరుకు 0.4 గ్రాముల కాస్టిక్ మిగిలిందని. బయల్దేరినప్పుడు ఉన్నది లీటరుకు 110 గ్రాములు! అడుగంటిన కుండను చూసి అన్నం ఉందనుకోవడమే ఇది. పది మిల్లీలీటర్లు తీసి, టైట్రేషన్ చేసి మిగిలిన కాస్టిక్‌ను కొలిస్తే ఐదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరికీ దొరకవు గానీ, లాగ్ షీటులో రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా గంట గంటకూ 12.5 అని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపడానికి తీరికే తీరిక. మీటరు ప్రోబ్‌ను పి.హెచ్. మారని బఫర్ ద్రావణం సీసాలో ముంచి ఉంచితే ఆ మాత్రం అంకె కూడా కదలదు, చూడముచ్చటగా ఉంటుంది.

బ్యాచ్ లేనప్పుడు కూడా బ్లోవరు తిరుగుతూనే ఉంటే బయటి గాలిలోని కార్బన్ డయాక్సైడే తమరి కాస్టిక్‌ను మెల్లగా తినేస్తుందన్నది ఇంకో సంగతి. దాని గురించి మళ్లీ రాస్తాం.

ప్రస్తుతానికి ఒక్కటే మనవి. రంగు వేసేవాడు నిచ్చెన ఎక్కి తమరి పైభాగానికి వచ్చినప్పుడు, లోపలికి చూసే సైట్ గ్లాసు మీద మాత్రం బ్రష్ పెట్టొద్దని చెప్పండి. కిందటిసారి రంగే ఇంకా గోకుతున్నాం. లోపలి రింగులు తడుస్తున్నాయో లేదో కంటికి కనబడే చోటు అదొక్కటే.

ఇట్లు,
తమరి సి షిఫ్టు