క్యూ గారికి ఒక తోక విన్నపం

మహారాజశ్రీ క్యూ గారికి,

నమస్కారాలు. ఇవాళ పన్నెండున్నర నుంచి నాలుగింటి దాకా తమ సేవలోనే ఉన్నాను. నా ముందు 42 మంది. అందులో ఒకరు ఇటుకరాయి. తెల్లారే ఎవరో పెట్టి వెళ్లారట. దానికి కాళ్లు పీకే బాధ కూడా లేదు.

ఏం తోచక ఫోన్‌లో తమరి వంశం తీశాను. క్యూ అంటే ఫ్రెంచిలో తోకట! లాటిన్‌లో తోకను 'కౌడా' అనేవాళ్లు, అదే అరిగి అరిగి మీరయ్యారు. ఇంగ్లిష్‌లో కొన్నాళ్లు మగవాళ్ల జడై వీపు మీద వేలాడారు. ఫ్రెంచి విప్లవం గురించి 1837లో రాస్తూ, పారిస్‌లో రొట్టెల కొట్ల ముందు నిలబడ్డ జనానికి స్కాట్లండ్ రచయిత కార్లైల్ మీ పేరే వాడాడు. అంటే మీది ఆకలి తోక. గౌరవించాల్సిందే.

మా భాషలో మిమ్మల్ని వరుస అంటాం. చుట్టరికాన్నీ వరుసే అంటాం. అక్కడే వచ్చింది చిక్కు. రెండింటికి ఒకాయన వచ్చాడు, చంకలో ప్లాస్టిక్ ఫోల్డర్, చెవి దగ్గర ఫోన్. నా ముందున్న పెద్దాయన భుజం మీద చెయ్యేసి "బాబాయ్, ఒక్క సంతకమే" అన్నాడు. వరుస కలిపాడు, వరుసలో దూరాడు. ఆ ఒక్క సంతకానికి ఇరవై నిమిషాలు! అది చూసి ఇంకొకావిడకు పిన్ని దొరికింది, ఇంకొకాయనకు అన్న దొరికాడు. నాకు మాత్రం ఆ ఊళ్లో ఎవరూ ఏమీ కారు.

నువ్వేం చేశావు? కాస్త వెనక్కి జరిగి వాళ్లకు చోటిచ్చావు. ఈగ వాలితే గేదె కూడా తోక విసురుతుందే, నీకేం రోగం? ఇంత పొడుగుండి ఎందుకు?

చివరికి నా వంతు వచ్చింది. "సర్వర్ లేదు, రేపు రండి." అది సరే, అలవాటే.

ఇంటికొచ్చి మళ్లీ ఫోన్ తీశాను. పిరికివాణ్ని ఇంగ్లిష్‌లో 'కౌవర్డ్' అంటారు కదా, అదీ ఆ కౌడా సంతానమేనట. మనం తోక ముడవడం అంటామే, అలాంటిదే. ఇటుక పోను మనుషులం 42 మందిమి అక్కడ ఉన్నాం. అందరం గొంతు సవరించుకున్నాం. నేనైతే రెండుసార్లు. ఒక్కరమూ నోరెత్తలేదు.

రేపు ఎనిమిదికే వస్తాను. ఇటుక వెనక కాస్త చోటుంచు.

ఇట్లు,
నీ 43వ వెంట్రుక