కుమింటాంగ్ గద్దె దిగిందా, దింపారా?

తమ్ముడు: చైనాలో కమ్యూనిస్టుల చేతిలో ఓడి 1949లో తైవాన్ చేరిన కుమింటాంగ్ పార్టీని ఊరికే తిడతావు గానీ అక్కా, 38 ఏళ్ల సైనిక శాసనాన్ని 1987లో ఎత్తివేసింది ఆ పార్టీ అధినేతే కదా! తండ్రి చియాంగ్ కై-షేక్ తర్వాత చేతికొచ్చిన అధికారాన్ని చియాంగ్ చింగ్-కువో అలాగే పట్టుకుని కూర్చుంటే అడిగేదెవరు?

అక్క: అడిగేవాళ్లు ఉన్నారు. 1986 సెప్టెంబరు 28న తైపేలోని గ్రాండ్ హోటల్‌లో ప్రతిపక్ష నాయకులు సమావేశమై, కొత్త పార్టీలపై నిషేధం ఉండగానే డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీని ప్రకటించారు. శాసనం పోయింది ఆ మరుసటి ఏడాది.

తమ్ముడు: వాళ్లను అరెస్టు చేయలేదుగా!

అక్క: అంతకు ఏడేళ్ల ముందు చేశారుగా! 1979 డిసెంబరు 10న కావోష్యుంగ్‌లో మానవ హక్కుల దినం జరిపిన ప్రతిపక్ష నాయకులను సైనిక కోర్టుకు ఈడ్చారు. వారిలో లిన్ యి-షియుంగ్ జైల్లో ఉండగా, 1980 ఫిబ్రవరి 28న పట్టపగలు ఆయన తల్లినీ, కవల కూతుళ్లనూ ఇంట్లోనే పొడిచి చంపారు. హంతకుడెవరో నేటికీ తేలలేదు. 1984లో రచయిత హెన్రీ లియూను సైనిక గూఢచారి విభాగమే కాలిఫోర్నియాలో గూండాలతో చంపించింది. అమెరికా ముందు పరువు పోయాక గానీ చేయి వెనక్కి తీయలేదు.

తమ్ముడు: ఆ నెత్తురు నేను కడగబోవడం లేదు. తర్వాతి నడత చూడమంటున్నాను. 1947-48లో చైనాలో ఎన్నికై, నలభై ఏళ్లకు పైగా కుర్చీ వదలని చట్టసభల సభ్యులను, చింగ్-కువో తర్వాత అధ్యక్షుడైన కుమింటాంగ్ నేత లీ తెంగ్-హుయి 1991 చివరికి ఇంటికి పంపాడు. 1996లో ప్రజలే అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. 2000లో తమ అభ్యర్థి లియెన్ చాన్ 23 శాతం ఓట్లతో మూడో స్థానంలో పడిపోతే, సైన్యాన్ని పిలవకుండా అధికారం అప్పగించారు. అది చిన్న విషయమా?

అక్క: కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ముసలి సభ్యులను ఇంటికి పంపాలని 1990 మార్చిలో విద్యార్థులు చియాంగ్ స్మారక చౌకులో బైఠాయించారని కూడా చెప్పు. 2000లో గెలిచిన డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ అభ్యర్థి చెన్ షుయ్-బియెన్ ఎవరు? కావోష్యుంగ్ ముద్దాయిల తరఫున వాదించిన లాయరు!

తమ్ముడు: అయినా 2008లో అదే ప్రజలు కుమింటాంగ్ అభ్యర్థి మా యింగ్-జియోకు 58 శాతం ఓట్లు వేశారు. 2024లో చట్టసభలో ఎక్కువ సీట్లు కూడా కుమింటాంగ్‌వే.

అక్క: వేశారు, ఎవరు కాదన్నారు? మరి ఎవరి సొమ్ముతో పోటీ చేశారు? అంతకుముందు తైవాన్‌ను ఏలిన జపాను పాలకులు విడిచివెళ్లిన సినిమా హాళ్లు సైతం పార్టీ పేర చేరాయి. అలాంటి ఆస్తులను తిరిగి రాబట్టడానికి 2016లో చట్టమే చేయాల్సి వచ్చింది. దాని మీద కోర్టుల చుట్టూ తిరిగారు, 2020లో రాజ్యాంగ న్యాయమూర్తులు ఆ చట్టం చెల్లుతుందన్నారు. అవన్నీ వాళ్లంతట వాళ్లే ముందే అప్పజెప్పి ఉంటే, నువ్వు చెప్పే పెద్దమనసును నేనూ నమ్మేదాన్ని.