కుబ్రత్ కొడుకులది తప్పా?

పుల్లల కట్ట కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. బల్గేరియాలో ఆ కథను ఏడో శతాబ్దపు బల్గర్ రాజు ఖాన్ కుబ్రత్ పేరు మీద చెప్పుకుంటారు. కలిసి ఉండమన్న తండ్రి మాట కొడుకులు వినలేదు, అందుకే రాజ్యం ముక్కలైంది అంటారు. ఆ నింద చాలా అన్యాయం.

అసలు ఆ రాజ్యం ఎలా పుట్టింది? నల్ల సముద్రానికి ఉత్తరాన ఉన్న అజోవ్ సముద్రం చుట్టూ గడ్డి మైదానాల్లో మందలు తోలుకుంటూ తిరిగే బల్గర్ తెగల మీద అటు అవార్లు, ఇటు పశ్చిమ తుర్కులు అనే సంచార జాతులు పెత్తనం చేసేవి. 626లో బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో అవార్లు చావుదెబ్బ తిన్నారు. కొన్నేళ్లకే తుర్కుల్లో అంతర్యుద్ధం. 630ల్లో ఆ సందు చూసి ఆ తెగల్లో ఒకటైన ఒనోగుర్ల నాయకుడు కుబ్రత్ తెగలను కూడగట్టి, అవార్ల కాడి దించేసుకున్నాడు. బైజాంటైన్ చక్రవర్తి హెరాక్లియస్‌తో సంధి చేసుకుని, పాట్రిషియన్ అనే పెద్ద ఆస్థాన బిరుదు అందుకున్నాడు.

ఆ బిరుదు ఉట్టి మాట కాదు. 1912లో ఉక్రెయిన్‌లోని పోల్తావా దగ్గర మలా పెరెష్చెపినా అనే ఊళ్లో 20 కిలోలకు పైగా బంగారమున్న నిధి బయటపడింది. అందులో బంగారు ఉంగరాలున్నాయి. వాటి మీద గ్రీకు అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. విడదీసి చదివితే కుబ్రత్ పేరు, ఒకదాని మీద ఆ బిరుదు కూడా. గుర్రం మీద బతికిన నాయకుడి వేలికి గ్రీకు ముద్ర! తెగలను కలిపి ఉంచింది ఆ మనిషి పరపతే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆయన వెనక పన్నులు వసూలు చేసే యంత్రాంగం గానీ, తెగలకు అతీతమైన సైన్యం గానీ కనబడవు. అలాంటి కూటమిలో పెద్ద తల పోతే కొడుకులు ఎంత సఖ్యంగా ఉన్నా నిలబడడం కష్టం. పైగా ఆయన పోయిన కొద్ది కాలానికే తూర్పు నుంచి ఖజర్లు అనే మరో సంచార జాతి విరుచుకుపడింది.

ఇంకో సంగతి. పుల్లల బదులు బల్లేలు పెట్టి ఇదే కథను కుబ్రత్‌కు 500 ఏళ్ల ముందే గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక సిథియన్ రాజు గురించి రాశాడు. అంటే ఇది చేతులు మారుతూ వచ్చిన కథ. దాన్ని సాక్ష్యంగా పెట్టి కొడుకులకు శిక్ష వేయకూడదు.

విడిపోయినవాళ్లు ఏమయ్యారో చూడండి. కొడుకుల్లో ఒకడైన అస్పారుఖ్ డాన్యూబ్ నది దాకా వెళ్లి, 680లో బైజాంటైన్ సైన్యాన్ని ఓడించాడు. 681 నాటికి చక్రవర్తే అతనికి ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. నేటి బల్గేరియాకు పునాది అదే. మరో కొడుకు కోత్రగ్ వెంట వెళ్లినవాళ్ల వారసులు వోల్గా నది ఒడ్డున మరో బల్గేరియా కట్టారు. తండ్రి మాట ప్రకారం పుట్టిన నేలనే అంటిపెట్టుకుని ఉన్నది పెద్ద కొడుకు బత్‌బయాన్ ఒక్కడే. ఖజర్లకు కప్పం కట్టాల్సి వచ్చిందీ అతనికే.